కష్టజీవుల నడుము నొప్పి, తలనొప్పి - నివారణ మార్గములు

యాసంగి వరి కోతలు ముగిసి వానాకాలపు దుక్కులు మొదలగు లోపల, పాలమూరు ప్రాంతపు పల్లెలలో అనేక ఇండ్లకు తాళములు పడుట మనమెరిగినదే. ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున హైదరాబాదు చేరి ఇటుక, ఇసుక, సిమెంటు మోయు పనులలో కుదురుదురు. అట్టివారికి పని దొరకు చోట్లలో రాయదుర్గము ఒకటి. పాన్‌మక్తా, పైగా మొదలగు పేర్లతో రెవెన్యూ లెక్కలలో గ్రామముగా నున్న ఈ తావు, ప్రక్కనున్న మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప క్రమముగా అద్దాల మేడలతో నిండిపోయినది. 2019లో మెట్రో రైలు కూడ వచ్చి చేరినది. ఈ మేడలకు రాళ్లెత్తిన కూలీలు తొలకరి పడగానే ఊరికి తిరిగివచ్చి నాట్లకు వంగుదురు. అప్పటికే వారి నడుములు సగము అరిగియుండును.

"కష్టము చేయువానికి నొప్పి ఉండదా?" అని మన రైతులు తరచుగా అందురు. ఈ మాట సగమే నిజము. అలసట పనితోపాటు వచ్చునది. రాత్రి నిద్రతో పోవును. కాని నెలల తరబడి వదలని నడుము నొప్పి, ప్రతి సాయంత్రము పట్టుకొను తలనొప్పి పనివలన గాక, ఆ పనిని అమర్చిన తీరువలన ఎక్కువగా వచ్చుచున్నవి. పనిముట్టు పొడవు, మూట బరువు, పని వేళ, త్రాగు నీరు - ఈ నాల్గింటిని మార్చుట మన చేతిలో నున్నది.

రాయదుర్గములో మేడలలోపల కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయువారికిని నడుము నొప్పి, తలనొప్పి కలవు. అయితే వారి కుర్చీకి ఒక మీట ఉండును. మనిషి ఎత్తునుబట్టి కుర్చీని పైకి క్రిందికి జరుపుకొనవచ్చును. అదే మేడ ఆవరణలో గడ్డి పీకు మాలికి జానెడు పిడిగల తొలిక ఇచ్చి దినమంతయు గొంతు కూర్చుండబెట్టుదురు. మన పొలములలో జరుగుచున్నదియు ఇదియే. కాడి ఒరుపుకు ఎద్దు మెడ పుండుపడినచో రైతు ఎద్దును తిట్టడు, కాడిని చెక్కి సరిచేయును. అదే కలుపు తీయు కూలి మనిషి నడుము పట్టుకొనినచో, "ఆమెకు ఓపిక లేదు" అనుచున్నాము. పార కామ మార్చవలెనను ఆలోచన మనకు రాదు.

నడుము ఎందుకు నొచ్చును?

ఏతము చూచినవారికి ఈ సంగతి తేలికగా బోధపడును. ఏతపు మ్రానుకు బాన ఉన్న కొన పొడవుగాను, రాయి కట్టిన కొన పొట్టిగాను ఉండును. అందుచేతనే చిన్న బానను లేపుటకు పెద్ద రాయి కావలసియుండును. మనిషి ముందుకు వంగి బరువు పట్టుకొనినప్పుడు వెన్నెముకయే ఏతపు స్తంభము. బరువు వెన్నుకు 50 సెంటీమీటర్ల ముందు ఉన్నదనుకొనుడు. దానిని నిలబెట్టు కండరములు వెన్నుకు వెనుక సుమారు 5 సెంటీమీటర్ల దూరములోనే కలవు. ఒకవైపు పొడవు పది రెట్లు గనుక, 20 కిలోల మూటకు కండరములు 200 కిలోల బలముతో లాగవలెను. వంగిన మొండెము బరువు ఇందుకు అదనము. ఆ ఒత్తిడి అంతయు వెన్నుపూసల నడుమ మెత్తగా నుండు బిళ్ళలపై పడును.

స్వీడను దేశపు వైద్యుడు నాచెమ్సన్ 1960 దశకములో మనుషుల వెన్ను బిళ్ళలలో సూది చొప్పించి ఈ ఒత్తిడిని కొలిచెను. నిటారుగా నిలిచినప్పటి ఒత్తిడిని 100 అనుకొనినచో, ముందుకు వంగినప్పుడు అది సుమారు 150, వంగి చేతిలో బరువు పట్టినప్పుడు సుమారు 220 అని ఆయన లెక్కలు చూపినవి. చేతిలో ఏమియు లేకున్నను కేవలము వంగుటవలననే ఒత్తిడి సగము పెరుగుననునది గమనింపవలెను. నారు కట్ట బరువేమి? పిడికెడు. అయినను నాటువేయు స్త్రీ నడుము సాయంత్రమునకు పనికిరాకుండ పోవుటకు కారణమిదియే.

బరువుల సంగతి

బరువు ఎత్తునప్పుడు మోకాళ్లు వంచవలెను, మూటను ఒంటికి దగ్గరగా హత్తుకొనవలెను, నడుము మెలిత్రిప్పక పాదములతో తిరుగవలెను. ఇవి మంచి మాటలే. కాని ఈ పద్ధతి నేర్పినంతమాత్రమున కూలీలలో నడుము నొప్పి తగ్గలేదని పలు దేశముల పరిశోధనలను కలిపి చూచినవారు తేల్చిరి. నడుముకు కట్టు పట్టీల విషయమును అంతే. పట్టీ కట్టుకొనిన ధైర్యముతో మరింత బరువెత్తువారే ఎక్కువ. బరువును తగ్గింపవలెను, లేదా బరువు ఉన్న ఎత్తును మార్చవలెను. మిగిలినవన్నియు ఆ తరువాతివి.

భవన నిర్మాణ కార్మికులకై 1998లో వెలువడిన కేంద్ర నిబంధనలు, ఒక మనిషి ఒంటరిగా మోయదగిన బరువును పురుషునకు 55 కిలోలు, స్త్రీకి 30 కిలోలుగా నిర్ణయించినవి. చట్టముల పేర్లు మారినను ఈ అంకెలను కొలబద్దగా ఉంచుకొనవచ్చును. అవి పై హద్దులే. దినమంతయు ఎత్తదగిన బరువులని అర్థము కాదు. సిమెంటు బస్తా 50 కిలోలు. ధాన్యపు కొనుగోలు కేంద్రములో తూచు బస్తా 40 కిలోలు. యూరియా బస్తాను 2018లో 50 నుండి 45 కిలోలకు తగ్గించిరి. ఎరువు వాడకము తగ్గించుటకు చేసిన పని ఇది, అయినను మోయువానికి 5 కిలోల ఊరట కలిగినది. వీనిలో ఏ బస్తాయు ఒక స్త్రీ ఒంటరిగా ఎత్తదగినది కాదని ఈ లెక్క చెప్పుచున్నది.

కల్లములో బస్తాలను నేలపై పడవేయక, మొల ఎత్తున బల్లపైననో, ట్రాలీ అంచుపైననో నిలిపినచో, హమాలీ వంగక వీపుపైకి తీసుకొనగలడు. నేలనుండి ఎత్తవలసి వచ్చినచో ఇద్దరు పట్టవలెను. కావడి మోసిన మన పెద్దలు రెండు ప్రక్కల సమముగా బరువుంచి నడిచిరి. ఒకే చేతితో నిండు బిందె మోయుటకన్న, సగము సగముగా రెండు చేతులతో మోయుట మేలు. చుట్టకుదురుపై తట్ట మోయువారికి నడుముకన్న మెడ ముందుగా నొచ్చును. ఆ మెడ నొప్పి తల వెనుకకు ప్రాకి తలనొప్పిగా మారును. అట్టి తలనొప్పికి బిళ్ళలు మ్రింగుటకన్న తట్టలో ఇటుకలు తగ్గించుట తగిన చికిత్స.

నాట్లు, కలుపు

ఎకరము నాటుటకు వంగిన నడుములన్నియు స్త్రీలవే. వరిలో డ్రమ్ సీడరుతో మొలక విత్తనము వెదజల్లినచో నాటు పని పూర్తిగా తప్పును. అయితే ఇందు కలుపు బెడద హెచ్చు, చేను చదునుగా లేనిచో మొలక సమముగా రాదు. ఈ చిక్కులను దాచి పద్ధతిని పొగడుట నాకిష్టము లేదు. కలుపును మొదటి మూడు వారములలో అదుపు చేయగల రైతు మాత్రమే దీనికి పూనుకొనవలెను. సాలు తప్పక 25 సెంటీమీటర్ల ఎడముతో నాటిన చేనిలో కోనోవీడరు నడచును. దానిని నిలువుగా నిలబడి ముందుకు వెనుకకు త్రోయవలెను. చేనిలో పలుచగా నీరుండవలెను. బురద గట్టిపడినచో అది నడుముకు బదులు భుజములను చంపును.

ఏ పనిముట్టుకైనను పిడి ఎత్తు మొలకు పైన, మోచేతికి దిగువన ఉండవలెను. ఒకే కోనోవీడరును ఆరడుగుల మగవానికిని, అయిదడుగులు లేని ఆడమనిషికిని ఇచ్చుట, ఒకే కొలత చెప్పులు అందరికి తొడిగించినట్లుండును. పిడిని రెండు మూడు రంధ్రములతో జరుపుకొనునట్లు చేయించుటకు ఊరి కమ్మరికి ఒక పూట పని. కూరగాయల మడులలోను, పత్తిలోను పొట్టి తొలికకు బదులు పొడవైన కామగల తొలిక గాని, చక్రపు గుంటక గాని వాడవలెను.

వంగక తప్పని పనిలో, అర గంటకొకసారి నిటారుగా నిలిచి, రెండు చేతులు మొలకు ఆనించి, అయిదారు మారులు నెమ్మదిగా వెనుకకు వంగవలెను. న్యూజిలాండు దేశపు ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ ఇట్టి వెనుక వంపు వ్యాయామములకు ప్రచారము తెచ్చెను. వెనుకకు వంగినప్పుడు నొప్పి కాలిలోనికి దిగినచో మానివేయవలెను. ఒక్క నిమిషము పోవుననియు కూలి దండుగ అగుననియు రైతు తలపరాదు. మధ్యాహ్నము తరువాత నాటు ఎంత మందగించునో గట్టుపై నిలిచి చూచినవారికి తెలియును.

ఇచట ఇంటి సంగతి ఒకటి చెప్పవలసియున్నది. రాత్రి పడుకొని యుండగా వెన్ను బిళ్ళలు నీరు పీల్చుకొని ఉబ్బును. అందుచేత నిద్ర లేచిన తొలి గంటలో ముందుకు వంగుట వానికి మరింత భారము. అమెరికాలో 1998లో వెలువడిన ఒక పరిశోధనలో, తెల్లవారుజామున వంగుట మానిన రోగులకు నొప్పి గల దినములు తగ్గినవి. మన ఇండ్లలో స్త్రీ లేవగానే చేయు పనియేమి? పొట్టి చీపురుతో వాకిలి ఊడ్చుట, వంగి ముగ్గు వేయుట, పశువుల కొట్టము ఎత్తుట. ఆ తరువాత ఆమె నాటుకు పోవును. చీపురుకు ఒక పొడుగు కర్ర కట్టుటకు ఏ పథకమును, ఏ సబ్సిడీయు అక్కరలేదు.

పిచికారి పంపు

నడుము నొప్పిని తలనొప్పిని ఒకేసారి తెచ్చు పనిముట్టు ఇది. 16 లీటర్ల పంపు నిండినప్పుడు దాని స్వంత బరువుతో కలిసి 20 కిలోలు దాటును. ఎకరమునకు 200 లీటర్ల మందు నీరు కొట్టవలసివచ్చినచో పండ్రెండు, పదమూడు మారులు నింపి వీపునకెత్తవలెను. నింపునప్పుడు పంపును నేలపైగాక గట్టుపై నుంచవలెను. రెండు వారులు సమముగా, వెడల్పుగా ఉండవలెను. మూత వద్ద కారు పంపును వాడనే వాడరాదు. చెమటతో తడిసిన చొక్కాపై కారిన మందు చర్మము గుండా ఒంటిలోనికి పోవును. ముక్కుకు గుడ్డ కట్టుకొనినవాడు తన వీపు తడిసిన సంగతి గమనింపడు.

తలనొప్పులలో తేడాలు

ఎండలో పని చేయువారి తలనొప్పికి మొదటి కారణము నీరు చాలకపోవుట. దాహము వేసిన తరువాత త్రాగుట ఆలస్యమే. వేడి హెచ్చుగానున్న వేళ పావు గంటకో, ఇరువది నిమిషములకో ఒక గ్లాసు చొప్పున త్రాగవలెను. చెమట ధారగా కారు దినములలో మజ్జిగలో ఉప్పు వేసి గాని, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి గాని త్రాగుట మంచిది. చెంచాలు కోలగా గాక తలకొట్టి కొలవవలెను. రక్తపు పోటు, చక్కెర వ్యాధి గలవారు ఉప్పు, పంచదారల విషయము వైద్యుని అడిగి తెలిసికొనవలెను. టీ, కల్లు ఈ నీటికి బదులు కావు.

స్త్రీలు పని చోట నీరు త్రాగకపోవుటకు ఒక కారణము కలదు. మరుగు లేదు. పొలములోను, భవన నిర్మాణపు స్థలములోను మూత్ర విసర్జనకు చోటు లేనందున ఉదయము నుండి దాహమును బిగబట్టుదురు. దానితో తలనొప్పి, మూత్రనాళపు మంట, వేసవిలో వడదెబ్బ. కూలీలకు నీళ్ల కుండ పెట్టితినని తృప్తిపడు రైతు, నాలుగు కర్రలు పాతి తడికె కట్టించనిచో ఆ కుండలోని నీరు అట్లే మిగిలిపోవును.

ఎండకు అలవాటు తప్పినవారిని, అనగా కొంతకాలము నీడ పని చేసి వచ్చినవారిని, మొదటి దినమే పూర్తి పనికి దింపరాదు. ఎండలో పని కాలమును మొదటి రోజున ఐదవ వంతుకు మించనీయక, తరువాత రోజుకు మరియొక ఐదవ వంతు చొప్పున పెంచవలెను. తలనొప్పితోపాటు మాట తడబడినను, మనిషి తికమకపడినను, ఒళ్లు కాలిపోవుచున్నను అది వడదెబ్బయే. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతయు నీటితో తడిపి విసరుచు 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

మందు కొట్టిన దినమున వచ్చిన తలనొప్పిని ఎండ తలనొప్పి యనుకొనుట ప్రాణాపాయము. రెండింటను చెమట, వాంతి, నీరసము ఉండవచ్చును. కాని ఆర్గానోఫాస్ఫేటు మందుల విషములో నోట చొల్లు కారుట, కంటిపాప సూదిమొనంత అగుట, కండరములు అదురుట, ఊపిరి కష్టమగుట కనిపించును. తక్షణమే బట్టలు విప్పించి, సబ్బు నీటితో ఒళ్లు, తల కడిగి ఆసుపత్రికి తరలింపవలెను. వాంతి చేయింపరాదు. మందు డబ్బాను గాని, దాని చీటీని గాని వెంట తీసుకొనిపోవుట మరువరాదు. డాక్టరు ఇవ్వవలసిన విరుగుడు దానినిబట్టి నిర్ణయమగును. డబ్బాపై ఎర్ర త్రికోణమున్నచో మిక్కిలి విషము, పసుపు దాని తరువాతిది, నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువ. ఆకుపచ్చ యన్నది నిర్భయముగా తడుపుకొనుటకు అనుమతి కాదు.

ఇక నలుబది యేండ్లు దాటినవారు విత్తనపు సంచి మీది అక్షరములు చదువుచు తల నొచ్చునని చెప్పినచో, ముందు కండ్లద్దములు చూపించుకొనవలెను. రక్తపు పోటు సాధారణముగా నొప్పి లేకయే యుండును గనుక, తలనొప్పి లేదని దానిని కొలిపించుకొనకుండుట తగదు.

బిళ్ళలు, సూదులు

పట్టిన నడుముకు రెండు మూడు దినములు బరువు పని మానవలెను, కాని మంచము పట్టరాదు. నొప్పి ఓర్చుకొనగలిగినంత నడచుచుండినచో త్వరగా తగ్గును. కొత్తగా వచ్చిన నొప్పి పలువురికి కొన్ని వారములలో నెమ్మదించును. వేడి కాపు హాయినిచ్చును.

ఊరిలో సూది వేయించుకొని మరునాడే బస్తాలకు పోవుట మన అలవాటు. ఆ సూదులలో డైక్లోఫినాక్ సాధారణము. ఈ మందు పేరు పశుపోషకులకు కొత్త కాదు. దీనిని వేసిన పశువుల కళేబరములు తిని రాబందులు మూత్రపిండములు చెడి చచ్చినందున, పశువులకు దీని వాడకమును మన దేశములో 2006లో నిషేధించిరి. మనిషి రాబందు కాడు, వైద్యుడు చెప్పిన మోతాదులో కొద్ది దినములు వాడుట వేరు. కాని నీరు చాలక, చెమటోడ్చిన శరీరములోనికి వారము వారము ఈ సూదిని ఎక్కించుట మూత్రపిండములతో ఆడుకొనుటయే. కొందరు దీనికి స్టెరాయిడు కూడ కలుపుదురు. ఏ మందో చెప్పని సూదిని వేయించుకొనరాదు. తలనొప్పి బిళ్ళలు నెలలో పదిహేను దినములకు మించి, మూడు నెలలకు పైగా వాడినచో ఆ బిళ్ళలే తలనొప్పిని తెచ్చును. రెండు మూడు మందులు కలిసిన బిళ్ళలకు ఈ హద్దు పది దినములే.

కాలు మొద్దుబారి బలము తగ్గినను, మూత్రము బిగిసినను, తొడల నడుమ స్పర్శ తెలియకున్నను అదే దినము పెద్దాసుపత్రికి పోవలెను. ఆలస్యమైనచో కాళ్లు తిరిగి రాకపోవచ్చును. రాత్రిపూట హెచ్చు నడుము నొప్పితో సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో వెన్నెముక క్షయ కావచ్చును. పశువులు ఈసుకుపోవు బ్రూసెల్లోసిస్ వ్యాధి మనుషులకు సోకినప్పుడును జ్వరము, చెమటలు, నడుము నొప్పి వచ్చును. కావున మందలో దూడలు పడిపోయిన సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. ఎన్నడు లేని తీవ్రతతో పిడుగువలె వచ్చిన తలనొప్పిని, మెడ బిగిసి జ్వరముతో వచ్చినదానిని, చూపు తగ్గి గాని ఒక ప్రక్క చేయి పడి గాని వచ్చినదానిని ఇంట నుంచుకొనరాదు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. నాట్లకు ముందు రైతు వేదికలో జరుగు సమావేశమునకు ఒక కోనోవీడరును, ఒక పొడుగు కామ తొలికను తెప్పించి, మగవారికి గాక నాటు ముఠా స్త్రీల చేతికి ఇచ్చి నడిపించి చూపుడు. పిడి ఎవరికి ఎంత ఎత్తు సరిపోవునో అచటనే గుర్తుపెట్టవచ్చును. వలస పోవు కుటుంబములకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు చీటీలు వెంట తీసుకొనిపొమ్మని చెప్పవలెను. రాయదుర్గము ప్రాంతములో పని చేయువారికి కొండాపూరులోని ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. చిన్న చిక్కులకు బస్తీ దవాఖానలు కలవు. అచటి డాక్టరు మొదట అడుగునది, ఇంతకుముందు ఏ సూదులు వేయించుకొంటివి, ఎన్ని బిళ్ళలు మ్రింగితివి అని. ఆ మందుల అట్టలను పారవేయక సంచిలో వేసికొనవలెను.